కోకో గింజయు వెన్నపండును

నేను గోదావరీ ప్రాంతమున నొక పల్లెబడిలో ముప్పదియేండ్లకు పైగా తెలుగును చరిత్రయు బోధించి విరమించినవాడను. మా యూర కొబ్బరితోటల నీడను కోకోచెట్లు పెరుగును. ఒకనాడు ఆఱవ తరగతి బాలుడొకడు తన తండ్రి యెండబెట్టిన కోకో గింజను జేబులో వేసికొని బడికి వచ్చి, "మాస్టారూ, దీనితో ఏం చేస్తారండీ?" అని యడిగెను. "చాక్లెట్టు చేస్తారురా" అంటిని. వాడు గింజను కొఱికి మొగము చిట్లించి, "ఇది చేదుగా ఉందండీ. చాక్లెట్టు తీపి గదా, ఎట్లాగండీ?" అనెను. "పంచదార వేస్తారు" అని చెప్పి నేను పాఠములోనికి బోయితిని. నా జవాబు తప్పు గాదు. కాని అది జవాబును గాదు. ఆ గింజ మా యూరికి ఎచటినుండి వచ్చెనో, దాని చేదు ఎట్లు తీపియయ్యెనో, ఆ తీపికి మూల్యమెవరు చెల్లించిరో నే నెఱుగను. చరిత్ర చెప్పువాడను, ముంగిట నున్న చెట్టు చరిత్ర నెఱుగకుంటిని.

ఆ ప్రశ్న మొన్నటి పండుగకు మరల నా యెదుటికి వచ్చినది. పట్టణమునుండి వచ్చిన మా కోడలు నల్లనై నున్ననైన యొక తీపి పదార్థమును గిన్నెలో దెచ్చి, "మామయ్యగారూ, ఇందులో వెన్న లేదు, మీగడ లేదు. వెన్నపండు గుజ్జు, కోకోపొడి, కొంచెం తేనె. మీకు మంచిదే" అనెను. నాకు మధుమేహము వచ్చి పదియేండ్లయినది. తీపిని జూచిన ఆశయు, వైద్యుని దలచిన భయమును ఒక్కసారి కలుగు వయస్సు నాది. మంచిదన్న మాట యెంతవఱకు నిజము? ఈ గింజయు ఈ పండును ఎచటివి? ఈ రెండు ప్రశ్నలకు దొరకిన సమాధానములనే నేడు మీకు నివేదింతును.

వెన్నపండనగా అవకాడో. మన పట్టణములలో బటర్ ఫ్రూట్ అని యమ్ముదురు. కోకో చెట్టును 1753లో స్వీడను దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయసు 'థియోబ్రోమా' యను పేరిట శాస్త్రగ్రంథమున నెక్కించెను. గ్రీకు భాషలో ఆ మాటకు దేవతల యాహారమని యర్థము. మన యమృతము వంటి దన్నమాట. ఈ చెట్టు పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాను నదీప్రాంతపు ఎగువ భాగము. ఈక్వడారు దేశపు ఆగ్నేయదిశను సాంటా ఆనా లా ఫ్లోరిడా యను చోట దొరకిన పాత్రలను పరీక్షించి, అచటి జనులు సుమారు 5,300 ఏండ్లక్రిందటనే కోకోను వాడిరని 2018లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. వెన్నపండు మెక్సికో, మధ్య అమెరికాల సొత్తు. మెక్సికోలోని తెవకాన్ లోయలో, కాష్కట్లాన్ గుహయందు వేలయేండ్లనాటి వెన్నపండు టెంకలు బయల్పడినవి.

ఈ రెండును ఒక్కచోట గానవచ్చు శిల్పమొకటి కలదు. మెక్సికోలోని పలెంకె నగరమును మాయా జాతికి చెందిన పకాల్ మహారాజు చిరకాలమేలి 683లో గతించెను. అతని సమాధిని 1952లో అల్బెర్తో రుజ్ అను పురాతత్త్వజ్ఞుడు ఒక కోవెల గర్భమునందు గనుగొనెను. ఆ రాతిపెట్టె ప్రక్కలందు రాజుయొక్క పూర్వికులు నేలను జీల్చుకొని ఫలవృక్షములతోగూడ మొలచుచున్నట్లు చెక్కబడియున్నారు. ఆ వృక్షములలో కోకోయు గలదు, వెన్నపండును గలదు. పితృదేవతలు చెట్లై మరల మొలచి సంతతికి ఫలములిత్తురన్న భావన యది. తాత నాటిన మామిడిని తాతపేరిట పిలుచుకొను మనకు ఈ భావన క్రొత్త గాదు.

మాయావారు ఈ గింజను 'కకవ్' అనిరి. గ్వాటెమాలాలోని రియో అజూల్ అనుచోట 1984లో ఒక సమాధినుండి మఱచుట్టు మూతగల కుండ యొకటి వెలికివచ్చెను. అది అయిదవ శతాబ్దమునాటిది. దానిపై లిపిలో కకవ్ అని యుండెను. లోపలి మడ్డిని రసాయనశాలలో పరీక్షింపగా కోకోయే యని తేలెను. లిపియు రసాయనమును ఒక్క సాక్ష్యమే పలికినవి. చరిత్రకారునికి ఇంతకంటె గావలసిన దేమి?

తరువాతికాలమున మెక్సికోలో అజ్టెకులు ప్రబలిరి. వారు కోకోను తినుట గాదు, త్రాగుచుండిరి. గింజలను వేయించి, పొట్టు తీసి, మన సన్నెకల్లువంటి రాతిపై పొత్రముతో నూరి, నీట గలిపి, మిరపకాయయు సుగంధద్రవ్యములును జేర్చి, ఎత్తునుండి ఒక పాత్రలోనుండి మఱియొక పాత్రలోనికి బోసి నురుగు దెప్పించెడివారు. మన యిండ్లలో కాఫీని తిరుగబోయుట కండ్లకు గట్టుచున్నది గదా! ఒక్కొక్కప్పుడు తేనెను గలిపినను, ఆ పానీయము ప్రధానముగా చేదును కారమును గలది. రాజులును యోధులును పెద్దవర్తకులును త్రాగునది. ఇక వెన్నపండును వారు 'అవాకట్ల్' అనిరి. 'మొల్లి' యనగా నూరిన ద్రవ్యము. ఆ రెండును గలిసి 'అవాకమొల్లి' అయినది. మిరపకాయ, రామములగ వేసి నూరిన పచ్చడియే యది. నేడు లోకమంతట గ్వాకమోలే యను పేర వెలయుచున్నదదియే. కావున శ్రోతలారా, మూలమున ఒకటి చేదు పానీయము, ఒకటి కారపు పచ్చడి. రెండింటిలో నొకటియు మిఠాయి గాదు.

కోకో గింజ ఆహారమేగాక నాణెముగను జెల్లెను. గింజను దొలిచి లోపల మన్ను గూర్చి యమ్ము మోసగాండ్రును ఉండిరి. దొంగనాణెము లేని దేశము లేదు. క్రీ.శ. 1502లో కొలంబసు తన నాల్గవ యాత్రయందు హోండురాసు తీరమున మాయావర్తకుల పెద్దపడవను గనెను. అందలివారు ఈ గింజ యొక్కటి జారిపడినను వంగి యేరుకొనుచుండుటను స్పెయినువారు వింతగా జూచిరి. వారికి అది బాదంగింజవలె గానవచ్చెను, ధనమని తోచలేదు.

1519లో కోర్తెస్ అను స్పెయిను సేనాని మెక్సికోలో దిగెను. 1521లో అజ్టెకుల రాజధాని తెనోచ్‌తిత్లాన్ కూలెను. రాజ్యము పోయినను గింజనాణెము పోలేదు. 1545లో త్లస్కాలా పట్టణమున స్థానికభాషయందు వ్రాసిన సంతధరల పట్టిక యొకటి నేటికిని నిలిచియున్నది. మంచి టర్కీకోడిపెట్టకు నూరు నిండుగింజలు. పెద్ద రామములగకాయకు ఒక గింజ. అప్పుడే కోసిన వెన్నపండుకు మూడు గింజలు, బాగుగా మాగినదానికి ఒక్క గింజయే. ఈ పట్టిక చదివినప్పుడు నేను నవ్వుకొంటిని. మాగిన పండు నిలువదు, రేపటికి కుళ్లును. కావున ధర తగ్గును. మన సంతలో సాయంకాలపు అరటిపండ్ల బేరమిదియే గదా. మా కోడలు గిన్నెలో గలిపిన రెండు వస్తువులును నాలుగువందల యెనుబదేండ్ల క్రిందట ఒకే కాగితముమీద, ఒకటి రొక్కమై, ఒకటి సరకై యుండెను.

మఱి తీపి యెట్లు వచ్చెను? ఇచ్చట మన దేశము కథలో బ్రవేశించుచున్నది. సంస్కృతమున శర్కర యనగా గులకరాయి. చెఱకురసమును గాచి పలుకులుగా జేయ నేర్చిన మనవారు ఆ పలుకులకు శర్కర యని పేరిడిరి. ఆ మాట పారసీకమునకు బోయి, అరబ్బీలో సుక్కర్ అయి, స్పెయినులో అజూకర్ అయి, ఇంగ్లీషులో షుగర్ అయినది. మన ఖండ శబ్దమే కందయై తుదకు క్యాండీ యయ్యెను. మాటతోడ చెఱకును నడచెను. 1493లో కొలంబసు తన రెండవ యాత్రయందు చెఱకును అమెరికా దీవులకు గొనిపోయెను. తరువాత స్పెయినువారు ఆ చేదు పానీయములో పంచదార గలిపి, దాల్చినచెక్క జేర్చి, వేడిచేసి త్రాగసాగిరి. 1585లో కోకో గింజల వర్తకపు సరకు వేరాక్రూజు రేవునుండి సెవిల్ నగరమునకు జేరెను. 1657 నాటికి లండనులో చాక్లెట్టు పానశాల వెలసెను.

ఆ తీపికి మూల్యము చెల్లించినవారిని దలచకుండ ఈ కథ చెప్పుట పాపము. చెఱకు తోటలలో పనిచేయుటకు ఆఫ్రికానుండి మనుష్యులను బంధించి తెచ్చిరి. పదునాఱవ శతాబ్దమునుండి పందొమ్మిదవ శతాబ్దమువఱకు సుమారు ఒక కోటి యిరువదియైదు లక్షలమందిని ఓడల కెక్కించిరని చరిత్రకారుల లెక్క. ఆవలియొడ్డు జేరినవారు ఒక కోటి యేడు లక్షలు మాత్రమే. తక్కినవారికి సముద్రమే సమాధి. చేరినవారిలో ననేకులు చెఱకు కొట్టియు, రసము గాచియు నశించిరి. "పంచదార వేస్తారు" అని నే నానాడు బాలునకు తేలికగా జెప్పిన మాటవెనుక ఇంత దుఃఖము గలదు.

పందొమ్మిదవ శతాబ్దమున యంత్రము ప్రవేశించెను. కోకో గింజలో నించుమించు సగము కొవ్వే. 1828లో హాలెండు దేశపు వాన్ హౌటెన్ కుటుంబమువారు ఆ కొవ్వును పిండితీయు యంత్రమునకు హక్కుపత్రము బొందిరి. మిగిలిన పిండికట్టిని పొడిచేసినదే నేటి కోకోపొడి. 1847లో బ్రిస్టలు నగరపు ఫ్రై సంస్థవారు పొడిలో పంచదారను, పిండితీసిన కొవ్వును మరల గలిపి అచ్చుపోసి, కొఱికి తిను చాక్లెట్టు జేసిరి. 1870 దాటినపిమ్మట స్విట్జర్లండున దానియేల్ పేతెర్ పాలుగలిపిన చాక్లెట్టును సాధించెను. 1879లో రుడాల్ఫు లిండ్ట్ గంటలకొలది మర్దించి నున్నగా జేయు పద్ధతి గనిపెట్టెను. ఇట్లు రాజులు త్రాగిన చేదు, పిల్లలు కొను తీపియయ్యెను. చేదు తగ్గినకొలది పంచదారయు కొవ్వును పెరిగినవి.

వెన్నపండు ప్రయాణము నెమ్మదిగా సాగెను. 1519లో అచ్చయిన మార్తిన్ ఫెర్నాందెస్ దె ఎన్సీసో భూగోళగ్రంథమున ఈ పండు వర్ణన గలదు. లోపలి గుజ్జు వెన్నవలె నుండుటచేత ఇంగ్లీషు నావికులు దీనిని నావికుల వెన్న యనిరి. ఎండు రొట్టెపై పూసికొని తినెడివారు. 1911లో మెక్సికోలోని అట్లీష్కో పట్టణమునుండి కార్ల్ ష్మిట్ అను నాతడు కొమ్మలను కాలిఫోర్నియాకు బంపెను. 1913లో అచట గొప్ప మంచు గురిసి చెట్లెన్నో చచ్చినను, ఆ కొమ్మలనుండి పెరిగినదానిలో నొక జాతి నిలిచెను. అందుచే దానికి ఫుయెర్తె, అనగా బలముగలది, యని పేరువచ్చెను. కాలిఫోర్నియాలో ఉత్తరములు పంచు ఉద్యోగియైన రుడాల్ఫు హాస్ తోటలో ఒక టెంకచెట్టు పెరిగెను. దాని పండు ఇంటిల్లిపాదికిని నచ్చెను. అతడు 1935లో దానిపై హక్కుపత్రము దీసికొనెను. ఆ తల్లిచెట్టు 2002లో వేరుతెగులుచే జచ్చెను. నేడు లోకపు వర్తకములో నధికభాగము దాని సంతతియే.

జావాదీవిని వెన్నపండు రసములో చాక్లెట్టు పాకము జారవిడిచి త్రాగుట వాడుక. ఫిలిప్పీన్సులో పాలును పంచదారయు జేర్చి తిందురు. మన దేశమున కొడగు, వయనాడు, నీలగిరి ప్రాంతములందు ఈ చెట్టు పెరుగుచున్నది. అచటినుండి పండ్లు మన పట్టణములకు వచ్చుచున్నవి. మీగడకు బదులు వెన్నపండు గుజ్జును కోకోపొడితో గలిపి మిఠాయి చేయుట మాత్రము ఇటీవలి కల్పనము. ప్రాచీనులు చేసిరని యెవరైన జెప్పినచో నమ్మవలదు. ప్రాచీనులు ఇచ్చినది పదార్థములు, కలిపినది మన కాలము.

చేయు విధమును జెప్పెదను. బొటనవ్రేల మెల్లగా నొక్కిన లొంగెడి మాగిన పండు నొకటి గొనుడు. గట్టిగా నున్నచో రెండుమూడు దినములు బియ్యపుకుండలో నుంచుడు. నిలువుగా గోసి టెంక దీసి, గుజ్జును గరిటతో దీయుడు. అందు రెండు పెద్దచెంచాల తీపిలేని కోకోపొడి, రెండు చెంచాల తేనె, చిటికెడుప్పు, ఏలకుల పొడి వేసి, ఉండలు లేకుండ నున్నగా మెదిపి చల్లబఱచుడు. పొయ్యితో పనిలేదు. ఉప్పు చిటికెడైనను మానరాదు. దానివలన చేదు సౌమ్యమగును. ఇది నలుగురికి చాలును. కోసిన గుజ్జు గాలికి నల్లబడును గావున ఆనాడే తినవలెను.

ఇక మంచిదా యను ప్రశ్న. లెక్క చూతము. నూరు గ్రాముల వెన్నలో 717 కేలరీలు, 81 గ్రాముల కొవ్వు, అందు 51 గ్రాములు రక్తనాళములకు గిట్టని సంతృప్తపు కొవ్వు. నూరు గ్రాముల చిక్కని మీగడలో సంతృప్తపు కొవ్వు సుమారు 23 గ్రాములు. నూరు గ్రాముల వెన్నపండులో కేలరీలు 160, కొవ్వు సుమారు 15 గ్రాములు, సంతృప్తపుది రెండు గ్రాములే. పైగా ఏడు గ్రాముల పీచు గలదు, వెన్నలో పీచే లేదు. కావున మీగడస్థానమున వెన్నపండు నుంచుట మేలే. ఇంతవఱకు మా కోడలి మాట నిజము.

కాని లెక్క అంతటితో ముగియదు. తేనెలో నూటికి ఎనుబదిపాళ్లకు పైగా చక్కెరయే. బెల్లమును అంతే. పేరు మారినంత మాత్రమున రక్తములోని చక్కెర మోసపోదు. మధుమేహులు తేనెను రెండు చెంచాలనుండి ఒకటికి దింపి, తమ వైద్యుని యడిగి, రెండు చెంచాలంత మాత్రమే తినవలెను. అమెరికాలో 21,442 మంది వృద్ధులపై జరిగి 2022లో ప్రకటితమైన పరిశోధనలో, కోకోసారము హృద్రోగపు ఆపదల నన్నిటిని గలిపి చూడగా నిశ్చయముగా తగ్గించినట్లు తేలలేదు. హృద్రోగ మరణములు మాత్రము కొంత తక్కువగా గానవచ్చినవి. అదే యేట ప్రకటితమైన మఱియొక పరిశోధనలో, సుమారు వేయిమంది ఆఱునెలలు దినమొక వెన్నపండు తినినను కడుపులోని క్రొవ్వు తగ్గలేదు. చెడ్డ కొలెస్టరాలు కొంచెము తగ్గెను. కావున ఇది ఔషధము గాదు. ఒక చెడుగు తగ్గిన తీపి. అంతే. అంతకంటె నెక్కువ చెప్పువాడు వర్తకుడు, తక్కువ చెప్పువాడు అసూయాపరుడు.

నా కీ పరిశ్రమవలన తెలిసినది మఱియొకటి గలదు. అయిదువందలేండ్లుగా లోకము ఈ గింజ చేదును దాచుటకే ప్రయాసపడెను. ఆ దాచిపెట్టుటకే పంచదార, ఆ పంచదారకే బానిసలు, ఆ పంచదారవలననే నేటి మా రోగములు. చేదును గొంత సహించ నేర్చినచో తీపి చాలవఱకు తగ్గును. షడ్రుచులలో చేదుకును వగరుకును స్థానమిచ్చిన మన పెద్దలకు ఇది వింత గాదు. ఉగాదినాడు వేపపూత తిని సంవత్సరము నారంభించువారము గదా.

నేడు మన దేశమున కోకోపంట యెక్కువగా పండునది ఆంధ్రప్రదేశములోనే. గోదావరి జిల్లాలలోను ఏలూరు జిల్లాలోను కొబ్బరి, పామాయిలు తోటలలో అంతరపంటగా దీనిని పెంచుచున్నారు. కాయ పగులగొట్టి, గింజలను గుజ్జుతోడనే అయిదాఱు దినములు పులియబెట్టి, ఎండబెట్టినగాని ఆ సువాసన రాదు. ఆ పులియబెట్టు నేర్పు మన రైతుల చేతిలో గలదు. కాని ధర వారి చేతిలో లేదు. 2024లో లోకపు విపణిని టన్ను ధర మొట్టమొదటిసారి పదివేల డాలర్లు దాటెను. మరుసటియేడు బాగుగా దిగెను. పెరిగినప్పుడు ఏల పెరిగెనో, దిగినప్పుడు ఏల దిగెనో మా యూరివారికి చెప్పినవారు లేరు. ఒకప్పుడు నాణెమై లోకమును గొలిచిన గింజను నేడు లోకము తన నాణెముతో గొలుచుచున్నది. పండించువాడు తన పంట యేమగునో, ఎచటికి బోవునో తెలిసికొనుట బేరములో మొదటి మెట్టు. ఆ మెట్టు నెక్కింపవలసినవాడను నేను. ఎక్కింపలేదు.

ఆ బాలు డిప్పుడు ముప్పది దాటినవాడై తండ్రితోటను జూచుకొనుచున్నాడు. పండుగ మఱునాడు మా కోడలు చేసిన గిన్నెను దీసికొని నే నతని తోటకు బోయితిని. ఎండలో గింజలు దిరుగవేయుచున్నాడు. "నాయనా, నీవు బడిలో నన్నొక ప్రశ్న యడిగితివి, జవాబు ఆలస్యమైనది" అని, ఇప్పుడు మీకు జెప్పిన కథ నంతయు జెట్టుక్రింద గూర్చుండి చెప్పితిని. అతడు విని, గిన్నెలోనిది చెంచాతో దిని, కొంతసేపు నోట నుంచుకొని, "చేదు కాస్త ఉందండీ మాస్టారూ. ఉండనివ్వండి. అది మాదే గదా" అనెను.

శ్రోతలారా, మీ తోటలో కోకో యున్నచో ఎండినగింజ నొకటి వేయించి, పొట్టుదీసి, మీ మనుమని చేతిలో బెట్టుడు. వాడు మొగము చిట్లించి ప్రశ్న యడుగును. నావలె పాఠములోనికి బారిపోకుడు. నిలిచి జవాబు చెప్పుడు.